తలుపు పక్కన నిలబడేవాడు

పెరటి తలుపు మీద రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. వెర్లీన్ పొయ్యి మీద సాసేజీ మాంసం వేసిన గ్రేవీని వదిలేసి, చేతులు తుడుచుకుంటూ వెళ్ళి తలుపు తీసింది. ఎవరూ లేరు.

శనివారం ఉదయం ఎనిమిది కూడా కాలేదు. మెట్లున్నాయి, మెట్ల కింద ఎండిన గడ్డి ఉంది, గడ్డికి అవతల పక్కింటివాళ్ళ పడవ టార్పాలిన్ కప్పుకుని ఎప్పటిలాగే పడి ఉంది. తలుపు కొట్టిన మనిషి మాత్రం లేడు. వారంలో ఇది మూడోసారి. ఆమె తల బయటికి పెట్టి కుడివైపు చూసింది. గోడకి వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు ఆమె మొగుడు ఓడెల్ ప్రూయిట్. ఒక చేతిలో పాల డబ్బా ఉంది. రెండో చెయ్యి చొక్కా కింద, నడుము మీద ఉంది.

"నీ దుంపతెగ! గుండె జారిపోయింది. ఇది నీ ఇల్లేనయ్యా! తాళంచెవి నీ జేబులోనే ఉంది. కొట్టడం ఎందుకు, కొట్టి దాక్కోవడం ఎందుకు?"

"దాక్కోలేదు. పక్కన నిలబడ్డాను" అన్నాడు ఓడెల్, ఎంతో తెలివైన మాట చెబుతున్నట్టు. "తలుపుకి ఎదురుగా నిలబడకూడదు వెర్లీన్. లోపలున్నవాడు ఎలాంటివాడో మనకేం తెలుసు?"

"లోపలున్నది నేను! ముప్ఫై ఆరేళ్ళుగా నేనే ఉన్నాను!"

అతను నవ్వాడు. నవ్వుతూనే లోపలికి వచ్చి, తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, కిటికీకి వీపు తగలకుండా కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. పోక పదకొండు నెలలైంది.

ఓడెల్ పంపుల ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళు పనిచేశాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఓక్లహోమాలో అరవై దాటినవాడికి ఇంకో పని ఎవరిస్తారు? కూతురు టామ్రా మేనేజరుగా ఉన్న పిజ్జా షాపులో డెలివరీ డ్రైవరుగా చేరాడు. "కూతురు బాసైతే ఇంట్లోనూ బాసే, బయటా బాసే" అని స్నేహితులు ఆటపట్టిస్తే, "ఇంట్లో బాసు వాళ్ళమ్మ, అది మీకు తెలీదు" అనేవాడు. పోయిన అక్టోబరులో ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, వెలుతురు ఉండగానే, ఒక ఆర్డరు పట్టుకుని ఊరి చివర ఇంటికి వెళ్ళాడు. అది ఖాళీ ఇల్లు. వసారాలో దీపం వెలుగుతూ ఉంది గానీ, ఆ ఇంటికి కరెంటే లేదని తర్వాత తెలిసింది. ఎవరో బ్యాటరీ దీపం తెచ్చి తగిలించారు. లోపల ఇద్దరున్నారు. పర్సు, వాచీ, కారు లాక్కుని, పోతూ పోతూ తల మీద ఒక దెబ్బ వేసి పోయారు. తొమ్మిది కుట్లు పడ్డాయి.

ఆసుపత్రి మంచం మీద ఓడెల్ చెప్పిన మొదటి మాట: "నా దగ్గర తుపాకీ ఉండి ఉంటేనా!" ఆ మాట ఊరంతా పాకింది. మంగలి షాపులో, చర్చి వెనక కాఫీ బల్ల దగ్గర, అందరిదీ అదే మాట. కంపెనీ తన డ్రైవర్లని ఉత్త చేతులతో తోడేళ్ళ మధ్యకి పంపుతోందని ఒకరు, పిజ్జా ఇచ్చేవాడికి తుపాకీ ఏమిటని ఇంకొకరు. రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుంది. కంపెనీ రూలు పుస్తకం ఒప్పుకోదు. ఓడెల్ మాత్రం పనిలోకి తిరిగి వెళ్ళిన రోజు నుంచి పిస్తోలు నడుముకి పెట్టుకునే వెళ్తున్నాడు. షాపులో అందరికీ తెలుసు, ఎవరూ చూడనట్టే ఉన్నారు. వెర్లీన్‌కి అది కొండంత ధైర్యం. నిజం చెప్పాలంటే పెట్టుకెళ్ళమన్నదే ఆమె.

ముందు తలుపు దగ్గర కారు ఆగింది. టామ్రా పెరటివైపు నుంచే వచ్చింది, కంపెనీ చొక్కా వేసుకుని, చేతిలో ఒక కవరు పట్టుకుని. ముప్ఫై నాలుగేళ్ళది, తండ్రి చుబుకం, తల్లి గొంతు.

"కూర్చో, వేడిగా ఉంది" అంది వెర్లీన్, వెన్న రొట్టెల మీద గ్రేవీ పోస్తూ.

"తినను అమ్మా. నాన్నా, నీతో మాట్లాడాలి. మేనేజరుగా."

"అమ్మో! అయితే చొక్కా గుండీ పెట్టుకుంటానుండు" అన్నాడు ఓడెల్.

టామ్రా నవ్వలేదు. కవరులోంచి కాగితం తీసి, ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టింది. ఒంటి మీద గానీ, కారులో గానీ తుపాకీ ఉండదని ప్రతి డ్రైవరూ సంతకం పెట్టాలి. ఇవాళ్టి నుంచే. పెట్టనివాడి పేరు డ్యూటీ బోర్డు మీద ఉండదు.

"ఎవడు రాశాడిది?" అన్నాడు ఓడెల్ చదవకుండానే.

"పెద్దాఫీసు."

"పెద్దాఫీసులో మెట్లున్నాయా? చీకటి వసారాలున్నాయా? లిఫ్టులో ఎక్కి లిఫ్టులో దిగేవాడు నాకు చెబుతాడా?"

"నాన్నా, తుపాకీ తీశావే అనుకో. అవతలివాడు చూస్తూ కూర్చుంటాడా? పోయేది పర్సు. అది పోతే పోనీ. నువ్వు పోతే?"

"చేతులెత్తి నిలబడితే పోనని హామీ రాసిస్తారా? అదీ ఈ కాగితంలో ఉందా?"

"పిల్లలున్న ఇంటి ముందు నీ చెయ్యి వణికితే? కుక్క మొరిగిందని, ఎవరో జేబులోంచి డబ్బులు తీశారని పొరపాటున..."

"నా చెయ్యి వణకదు!" బల్ల మీద చేత్తో కొట్టాడు. కాఫీ తొణికింది.

వెర్లీన్ ఊరుకోలేదు. "ఏమే, నీకసలు మనసుందా? తొమ్మిది కుట్లు! నువ్వే కదా ఆ రోజు ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది, నువ్వే కదా ఆ రక్తం చూసింది! కన్న తండ్రికి ఇలాంటి కాగితం తెచ్చిస్తావా? రూలు, రూలు, రూలు! ఆ అక్టోబరు నుంచి చూస్తున్నాను, ఆ పుస్తకాన్ని బైబిలుకంటే ఎక్కువ పట్టుకు తిరుగుతున్నావు. ఆ రోజు మీ నాన్నని ఆ ఇంటికి పంపింది మీ షాపే కదా, ఆ రోజు ఏ రూలు కాపాడింది?"

టామ్రా మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. కిటికీ వైపు తిరిగింది.

ఓడెల్ కూతురి వీపు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత, ఎవరూ అనుకోని పని చేశాడు. జేబులోంచి పెన్ను తీసి, కాగితం మీద గబగబా సంతకం గీకి, లేచి, నడుముకున్న పిస్తోలు తీసి రొట్టెల డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"ఓడెల్!" అంది వెర్లీన్.

"పిల్లని ఇంకేమీ అనకు" అన్నాడు. "కంపెనీది తప్పని ఇప్పటికీ అంటాను. కానీ దాన్ని ఏమీ అనకు."

టామ్రా ముందు వెళ్ళిపోయింది. పదకొండు దాటాక ఓడెల్ బయల్దేరాడు. వెర్లీన్ కిటికీలోంచి చూస్తూనే ఉంది. కారుదాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. లోపల కూర్చుని, స్టీరింగు పట్టుకుని, కదలకుండా అలాగే ఉండిపోయాడు. నిద్రపోయాడా అని ఆమె తలుపు దాకా వెళ్ళేసరికి కారు కదిలింది.

మిట్టమధ్యాహ్నం సైరన్ మోగింది. సుడిగాలి వస్తే మోగే సైరనే. పనిచేస్తోందో లేదో చూడటానికి ప్రతి శనివారం పన్నెండింటికి మోగిస్తారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వింటున్నదే గానీ, ఇవాళ అది ఆగాక కూడా చెవుల్లో అలాగే ఉండిపోయింది. గాలివానకి ముందు మారినట్టు ఆకాశం ఆకుపచ్చగా, మందంగా కిందికి దిగింది. పక్కింటి కుక్క మొరగడం మానేసింది.

వెర్లీన్ గిన్నెలు కడుగుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. రొట్టెల డబ్బా డబ్బాలాగే ఉంది. అయినా వంటింట్లో ఎవరో కొత్తమనిషి కూర్చున్నట్టు అనిపించింది. మాట్లాడడు, కదలడు, వెళ్ళమంటే వెళ్ళడు. ఇన్ని నెలలు ఆ పిస్తోలు మొగుడి నడుము మీద ఉంటే ఆమెకి ధైర్యంగా ఉండేది. అదే ఇప్పుడు తనతో ఇంట్లో ఉంటే ప్రతి చప్పుడూ పెద్దదైపోయింది.

గోడ ఫోను మోగింది.

"హలో?"

జవాబు లేదు. ఎవరో ఊపిరి పీలుస్తున్నారు, అంతే. పెట్టేశారు.

పది నిమిషాలకి మళ్ళీ. ఈసారి ఊపిరితోపాటు ఎక్కడో వెనకాల చిన్న గంటలు గలగలమన్నాయి, వసారాలో గాలికి ఊగే గంటల్లాగా. "ఎవరండీ? ఎవరు కావాలి?" అంది. ఊపిరి దగ్గరికొచ్చినట్టై, తెగిపోయింది.

మూడోసారి మోగినప్పుడు ఆమె ఎత్తలేదు. పద్నాలుగు సార్లు మోగి ఆగింది. ఒంటరి ఆడది ఇంట్లో ఉందో లేదో చూసుకుంటున్నారా? ఓడెల్‌ని పిలిపించిన ఇంట్లోవాళ్ళూ ఇలాగే ఫోను చేశారు కదా! వాళ్ళిద్దరూ ఇంకా దొరకలేదు కదా! పెరటి తలుపు గొళ్ళెం చూసింది. కిటికీలు మూసింది. తెరలు లాగింది. పట్టపగలు ఇల్లు చీకటైపోయింది. ఎప్పుడు తీసిందో ఆమెకే తెలీదు, పిస్తోలు చేతిలో ఉంది. అనుకున్నదానికంటే బరువుగా, చల్లగా ఉంది.

అప్పుడు ముందు మెట్ల మీద అడుగులు వినపడ్డాయి.

ఆ ఇంటి ముందు తలుపుకి ఎవరూ రారు. తెలిసినవాళ్ళందరూ పెరటి వైపే వస్తారు. ఒక మెట్టు. ఆగింది. రెండో మెట్టు. మళ్ళీ కిందికి దిగిన చప్పుడు. మళ్ళీ ఒకటి. మెట్లెన్నో తెలియని వాడు లెక్క పెట్టుకుంటూ ఎక్కుతున్నట్టుంది. తర్వాత తలుపు మీద దెబ్బ. గట్టిగా కాదు. ఏదో జంతువు ఒరుసుకున్నట్టుంది.

వెర్లీన్ తలుపులోని అద్దపు కన్నంలోంచి చూసింది. వసారా ఖాళీ. మెట్లు ఖాళీ. వాకిట్లో ఏ కారూ కనపడలేదు.

"డెలివరీ" అంది ఒక గొంతు.

సన్నగా, కీచుగా, పదేళ్ళ పిల్లవాడు పెద్దమనిషిలా మాట్లాడబోయినట్టు ఉంది ఆ గొంతు. ఆమె ఏమీ ఆర్డరు ఇవ్వలేదు. తలుపుకి ఎదురుగా ఉండకూడదని ఆమెకి తోచింది. పక్కకి జరిగి గోడకి వీపు ఆనించింది. రెండు చేతులతో పిస్తోలు ఎత్తి తలుపుకి గురిపెట్టింది. గోడకి అవతల ఊపిరి వినిపిస్తోంది. ఫోనులో విన్న ఊపిరే.

"ఎవడ్రా నువ్వు?" అని అరిచింది. "నా చేతిలో తుపాకీ ఉంది! కాల్చి పారేస్తాను!"

బయట ఏదో దబ్బున పడింది. తర్వాత మోకాళ్ళు చెక్క మీద తగిలిన చప్పుడు.

"కాల్చకండి" అంది ఆ గొంతు. "అన్నీ తీసుకోండి. కారు తీసుకోండి. మీ మొహం చూడలేదు నేను, కళ్ళు మూసుకునే ఉన్నాను. నాకు పెళ్ళాం ఉంది సార్. వెర్లీన్ ఆమె పేరు. వెర్లీన్. దయచేసి..."

తన పేరు అలా పిలవడం ఆమె జీవితంలో వినలేదు. గొళ్ళెం ఎలా తీసిందో, తలుపు ఎలా తెరిచిందో తెలీదు. తలుపు పక్కన, గోడ వారగా, మోకాళ్ళ మీద, రెండు చేతులూ పైకెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు ఓడెల్. చుట్టూ మూడు పిజ్జా పెట్టెలు పడి ఉన్నాయి. ప్యాంటు ముందుభాగం తడిసిపోయి ఉంది.

"ఓడెల్! నేను! నేనయ్యా! ఒక్కసారి కళ్ళు తెరువు!"

తెరిచాడు. ఆమెని కాదు, ముందు ఆమె చేతిలోది చూశాడు. అప్పుడు గానీ అది ఇంకా అతని గుండె వైపే ఉందని ఆమెకి తెలియలేదు. కింద పడేద్దామంటే వేళ్ళు రాలేదు. ఓడెల్ మెల్లగా చేతులు దించి, ఒక్కో వేలూ విడదీసి, ఆ పిస్తోలు తీసి దూరంగా జరిపాడు. అప్పుడు వెర్లీన్ అతని పక్కన కూలబడి గొల్లుమంది.

"చంపేసేదాన్నే! ఇంకొక్క మాట ఆలస్యమైతే నిన్ను చంపేసేదాన్నే! నువ్వు ముందు తలుపు ఎందుకు కొట్టావు? కారేదీ?"

"వీధి మలుపులో ఆపాను. మెట్లెక్కలేకపోయాను వెర్లీన్. మూడిళ్ళకి వెళ్ళాను. మూడిళ్ళ దగ్గరా మెట్ల కిందే నిలబడ్డాను. కాళ్ళు రాలేదు. నీ గొంతు వింటే ఎక్కగలనేమో అని ఫోను చేశాను. నువ్వు హలో అంటే నోరు రాలేదు. మన మెట్లైనా ఎక్కగలనా అని చూద్దామని వచ్చాను."

"అది చేతిలో లేకనేగా! నేను చెప్పలా టామ్రాకి? ఆ రోజు నీ దగ్గర అది ఉండి ఉంటే..."

"ఉంది."

"ఏమిటి?"

"ఆ రోజు కూడా ఉంది. వీపు మీద, చొక్కా కింద." ఓడెల్ పిజ్జా పెట్టెల వైపు చూస్తూ చెప్పాడు. "చెయ్యి వెనక్కి పోలేదు. వాళ్ళు వెతకను కూడా లేదు. అడక్కముందే అన్నీ ఇచ్చేశాను. ఇప్పుడు నీ ముందు కూర్చున్నట్టే కూర్చున్నాను. నీ పేరు వాళ్ళకి కూడా చెప్పాను."

పదకొండు నెలలు! చర్చి బల్ల దగ్గర ఎంత గట్టిగా వాదించింది, నా మొగుడి చేతులు కట్టేసి పంపారని ఎంతమందికి చెప్పింది! "మరి తర్వాత ఎందుకు మోశావు?" అని అడిగింది వెర్లీన్.

"ఆంబులెన్సు రాకముందే ఆ ఇంటి వసారా కింద దాచి, తర్వాత వెళ్ళి తెచ్చుకున్నాను. తీయడానికి కాదు. అది ఉంటే కాళ్ళు మెట్లెక్కేవి. అంతే."

"భయమేస్తోందని నాతో చెప్పకూడదూ?"

"నువ్వు అంత ధైర్యంగా ఉంటే ఎలా చెప్పేది?"

ఆ మాటకి ఆమె ఇంకా ఏడ్చింది. తలుపుకి అవతల నిలబడి వణుకుతున్నవాడి మీదికి తుపాకీ ఎత్తిన మనిషి ఎవరో ఆమెకి ఇప్పుడు తెలుసు. దుర్మార్గురాలేం కాదు. భయపడిపోయిన ఒక ముసలి ఇల్లాలు, అంతే.

కీచుమంటూ కారు ఆగింది. టామ్రా దిగి పరిగెత్తుకొచ్చింది. "నాన్నా! మూడిళ్ళవాళ్ళూ ఫోను చేశారు, పిజ్జా రాలేదని! నీ ఫోను ఎత్తవేం?" మెట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. పెట్టెలు, పిస్తోలు, తండ్రి తడిసిన ప్యాంటు, తల్లి మొహం, అన్నీ చూసింది. నడుముకున్న స్వెట్టరు విప్పి తండ్రి ఒళ్ళో కప్పి, కింది మెట్టు మీద కూర్చుంది.

"విన్నావా?" అంది వెర్లీన్. "ఆ రోజు మీ నాన్న దగ్గర తుపాకీ ఉందిట. ఊరందరికీ లేదని చెప్పాడు. సిగ్గుపడి."

టామ్రా ఒక్కసారిగా, వాంతి చేసుకున్నట్టు, "నేనూ అబద్ధమే చెప్పాను" అంది. "అమ్మా, కొత్త నంబరు నుంచి ఆర్డరు వస్తే డ్రైవరు బయల్దేరేముందు మేం తిరిగి ఫోను చెయ్యాలి. ఎవరో, ఏ ఇల్లో కనుక్కుని, ఆర్డరు చీటీ, ఆ టికెట్టు మీద నంబరు పక్కన పెన్నుతో టిక్కు పెట్టాలి. ఆ శుక్రవారం ఊళ్ళో ఫుట్‌బాల్ ఆట, ఆర్డర్ల మీద ఆర్డర్లు. రెండు చెవులకీ రెండు ఫోన్లు. ఆ నంబరుకి నేను చెయ్యలేదు. చేస్తే ఎవరూ ఎత్తేవాళ్ళు కారు, నాన్న వెళ్ళేవాడే కాదు. చేశానని పెద్దాఫీసుకి రాసిచ్చాను. సంతకం పెట్టి మరీ. ఆ టికెట్టు దొరికి ఉంటే నా అబద్ధం బయటపడేది. దొరకలేదు. అప్పట్నుంచి... రూలు పుస్తకం తలగడ కింద పెట్టుకుని పడుకుంటున్నాను నాన్నా. ఒక్క రూలు తప్పినా మళ్ళీ నీకే ఏదో అవుతుందని."

వెర్లీన్ నోరు తెరిచింది. ఓడెల్ ఆమె చెయ్యి నొక్కి ఆపాడు.

"తెలుసు" అన్నాడు.

టామ్రా తలెత్తింది.

"టికెట్టు మీద టిక్కు లేదని కారెక్కేటప్పుడే చూశాను. నిన్ను అడుగుదామని వెనక్కి తిరిగాను. నీ మొహం చూస్తే ఏడుపొక్కటే తక్కువ. పోనీలే, పిల్ల అలసిపోయింది అనుకుని బయల్దేరాను. తలపగిలి ఆంబులెన్సులో పడుకున్నాక చూస్తే టికెట్టు ఇంకా గుప్పిట్లోనే ఉంది. పోలీసులు వచ్చి అడుగుతారు, నీ ఉద్యోగం పోతుంది. నోట్లో వేసుకుని నమిలాను."

"నమిలావా?"

"మింగేశాను. సిరా చేదుగా ఉంది." అరచేత్తో నోరు తుడుచుకున్నాడు. "తర్వాత ఎవరొచ్చినా, ఆర్డరు ఎవరు తీసుకున్నారు అనే మాట రాకముందే, నా దగ్గర తుపాకీ ఉండి ఉంటేనా అని మొదలుపెట్టేవాణ్ణి. ఇక చూసుకో, అందరూ దాని మీదే కొట్టుకునేవాళ్ళు. ఉండాలని కొందరు, కూడదని కొందరు. టికెట్టు గురించి ఒక్కడు కూడా అడగలేదు."

టామ్రా రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు అదిరాయి. ఏడుపు చప్పుడు చాలా ఆలస్యంగా వచ్చింది. జేబులో ఫోను మోగుతోంది, ఎవరి భోజనమో ఇంకా అందలేదు, ఆమె ఎత్తలేదు.

"సోమవారం పెద్దాఫీసుకి చెప్పేస్తాను" అంది ఏడుస్తూనే.

"పిచ్చిదానా, మరి నేను మింగింది ఎందుకు?"

"అందుకే చెబుతాను నాన్నా."

ఓడెల్ లేచాడు. పైమెట్టు నుంచి ఒక మెట్టు దిగాడు, ఇంకో మెట్టు దిగాడు, కూతురి పక్కన కూర్చున్నాడు. వెర్లీన్ లేచి వెళ్ళి అటుపక్కన ఇరుక్కుని కూర్చుంది. ఆ మెట్టు ముగ్గురికి చాలదు. అయినా ఎవరూ లేవలేదు.

వాన మొదలైంది. "పొడిప్యాంటు తెస్తానుండు" అంటూనే వెర్లీన్ అతని భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తూ ఉండిపోయింది.